ఏ రాయి మీదా లేని పేరు

జూలై 28, సోమవారం

స్రవంతి దిగింది. రెండు సంచులు, ఒక లాప్‌టాప్, ఒక జలుబు. నా కూతురి కూతురు హైదరాబాదు నుంచి ఎప్పుడొచ్చినా ఈ సామాను తప్పదు.

ఈసారి పండక్కి కాదు, పీహెచ్‌డీకి. బతుకమ్మ దాకా నా దగ్గరే మకాం అట. అంశం ఏమిటని నేను అడగలేదు — అడిగితే చెబుతుంది. అడక్కపోయినా చెప్పింది. "యుద్ధం, టెర్రరిజం... ఇట్లాంటి రిస్కులకు ఇన్సూరెన్సు, అమ్మమ్మా." జనగామలో యుద్ధం ఎక్కడ దొరికింది తల్లీ అన్నాను. "జనగామ, మానుకోట, భూపాలపల్లి. మూడు జిల్లాలూ నా ఫీల్డు."

ఫీల్డు. ఇన్నాళ్లూ ఊళ్లనుకుని బతికాం.

జూలై 30, బుధవారం

అన్నం దగ్గర పాఠం. జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పీ చెప్పీ రిటైరైనదాన్ని, మనవరాలి ముందు కంచం పట్టుకుని విద్యార్థినిలా కూర్చున్నాను.

పాలసీ కాగితం వెనక వైపు చిన్న అక్షరాల్లో ఉంటుందట: యుద్ధం, దండయాత్ర, అంతర్యుద్ధం, తిరుగుబాటు, అల్లర్లు — వీటివల్ల కలిగే నష్టానికి కంపెనీకి సంబంధం లేదు. పెళ్లికి పిలిచి, ఆకలైనవాళ్లు మాత్రం రావద్దన్నట్టు.

విదేశంలో పెద్ద దాడి జరిగాక ప్రపంచంలోని మహా కంపెనీలు ఈ వ్యాపారం మాకొద్దని చేతులు దులుపుకున్నాయట. అప్పుడు ఇక్కడి కంపెనీలు తలా ఇంత వేసి ఒక ఉమ్మడి నిధి పెట్టుకున్నాయట. ఎక్కువ కట్టినవాళ్లకు ఆ నీడ. అందులో ఎవరున్నారు? "ఫ్యాక్టరీలు, మాల్స్, పెద్ద పెద్ద హోటళ్లు."

మనుషులో?

"దానికి వేరే చాప్టర్ ఉన్నది అమ్మమ్మా."

మజ్జిగ పోసుకున్నాను.

జూలై 31, గురువారం

మా ఆయన ఇదే బీమాకు ఏజెంటు. స్కూటరేసుకుని తరిగొప్పుల నుంచి ఘనపూర్ దాకా తిరిగి పాలసీలు కట్టించాడు. "మామూలుగ పోతె ఒకంతు, ప్రమాదంల పోతె రెండంతలు" — ఆ మాట చెప్పేటప్పుడు మొహం ఎంత వెలిగేదో! చావు గురించి అంత ఉత్సాహంగా మాట్లాడిన మనిషిని మళ్లీ చూడలేదు.

వెనక వైపు ఆయనా చదివి ఉండడు. చదివితే అమ్మగలిగేవాడు కాదు.

ఆగస్టు 3, ఆదివారం

మరిపెడ పోయి వచ్చాం. స్రవంతికి తోడు కావాలట. నిజానికి పెద్దముండ పక్కన ఉంటే జనం తలుపు తీస్తారని.

ఒక టిప్పరు ఓనరు. రోడ్డు పని దగ్గర నిలిపిన బండిని రాత్రి ఎవరో తగలబెట్టారు, ఏళ్ల కిందట. చాయ్ పోయించి, కుర్చీ తుడిచి, నవ్వుతూ చెప్పాడు — "సర్వేకు వచ్చిన బీమా సారు ఒక్కటే అడిగిండమ్మా. కాలవెట్టేటప్పుడు నినాదాలు ఇచ్చిండ్రా లేదా? ఇస్తె అది టెర్రరిజం, పైస రాదు. ఇయ్యకుంటె ఆకతాయి పని, జర సూద్దాం అన్నడు."

మీరేం చెప్పారు?

"ఏం చెప్త? అందరు మూగోళ్లే వచ్చిండ్రు సారు అన్న."

తిరుగు బస్సులో స్రవంతి దీన్ని ఇంగ్లీషులో పొడుగ్గా రాసుకుంటున్నది. నాకు నవ్వు ఆగలేదు. జనగామ దగ్గరికొచ్చాక ఆగింది.

ఆగస్టు 6, బుధవారం

స్రవంతి రెండు రోజులుగా దీని చుట్టూ తిరుగుతున్నది, ఇవాళ అడిగేసింది. "ఘనపూర్ అమ్మమ్మ మాట్లాడుతుందా నాతో?"

ఘనపూర్ అమ్మమ్మ అంటే సమ్మక్క. మా ఆయన చెల్లెలు, నా ఆడబిడ్డ. ఆమె మొగుడు జీపు నడిపేవాడు. పోలీసులు బందోబస్తుకని జీపు ఎక్కారు, అడవిలోని అన్నలు, నక్సలైట్లు, రోడ్డు కింద మందుపాతర పెట్టారు. పాలసీ మా ఆయన కట్టించిందే. ఒకంతు వచ్చింది. రెండో అంతు రాలేదు.

అప్పటి నుంచి సమ్మక్క అన్న గడప తొక్కలేదు. అన్న పోయిన రోజు వచ్చింది — వాకిట్లో కూర్చుంది, మంచినీళ్లు కూడా ముట్టకుండా పోయింది. రెండో అంతు కోసం అన్నను వదులుకుంది అని చుట్టాలంతా అన్నారు. నేనూ కాదనలేదు.

మాట్లాడదు అన్నాను స్రవంతితో. అడిగి చూస్తానంది. రీసెర్చి అంటే ఇదే కాబోలు, పక్కవాళ్ల వాకిలి తట్టడం.

ఆగస్టు 9, శనివారం

రాఖీ. బజారంతా అక్కాచెల్లెళ్లే. మా ఆయన బతికుండగా ఈ రోజున స్నానం చేసి, చొక్కా వేసుకుని, పేపరులో చదివిన పేజీలే మళ్లీ చదువుతూ కూర్చునేవాడు. ఎవరికోసమని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

ఆగస్టు 12, మంగళవారం

రావచ్చా అని ఫోను చేస్తే సమ్మక్క "రాండ్రి" అన్నది. అంతే, ఒకే మాట. స్రవంతి ఎగిరి గంతేసింది. హైదరాబాదులో దీని గైడు "రైలు దిగి నడిచిపోవచ్చు కదా" అన్నాడట. ఆయన అనుకున్నది స్టేషన్ ఘనపూర్. మనం పోయేది భూపాలపల్లి జిల్లాలోని ములుగు ఘనపూర్, రైలే లేదు. భూపాలపల్లి మీద పుస్తకం రాయిస్తున్నాడు, పాపం.

ఆగస్టు 14, గురువారం. ఘనపూర్

సమ్మక్క కిరాణం కొట్టు వెనక గదిలో కూర్చుని రాస్తున్నాను.

గుమ్మంలోనే మొదలు. "ఇన్నేండ్లకు తొవ్వ దొరికిందా వదినె?" తర్వాత స్రవంతి గడ్డం పట్టుకుని, "పిల్ల మంచిగున్నది. నీ పోలిక రాలే, బతికిపోయింది." తర్వాత మళ్లీ నాకే — "చాయ్ నువ్వే పెట్టు. చక్కెర జర సూస్కో. నీ చాయ్ తాగి తాగే మా అన్నకు షుగరొచ్చింది."

నేను పొయ్యి దగ్గర. అటు స్రవంతి ఏదో కాగితం చదివి వినిపిస్తున్నది — గోప్యత, సమ్మతి, భాగస్వామి... సమ్మక్క "ఆఁ ఆఁ, ఏడ పెట్టాలె?" అని సంతకం గీకింది. చాయ్ తెచ్చేసరికి స్రవంతి రికార్డరు పెట్టేసింది.

స్రవంతి అడిగింది, ఏం జరిగింది అమ్మమ్మా?

సమ్మక్క కొంగు సరిచేసుకుంది. ఫొటోకు కూర్చున్నట్టు కూర్చుంది. "ముందుగల పేరు రాసుకో బిడ్డా. వీరస్వామి. తండ్రి ఓదెలు."

నేను గ్లాసు కింద పెట్టాను.

మా తరం ఆడవాళ్లం మొగుడి పేరు నోటితో పలకం. రేషన్ కార్డు గుమాస్తా అడిగినా పక్కనున్న పిల్లలతో చెప్పిస్తాం. ఎం.ఏ. చదివాను, వేలమంది పేర్లు హాజరు పిలిచాను — ఈ డైరీలో కూడా "మా ఆయన" అనే రాస్తున్నాను. సమ్మక్క నోట ఆ పేరు నేను ఎన్నడూ వినలేదు. ఆమె కూడా విని ఉండదు. పలికాక ఒకసారి అటూ ఇటూ చూసింది, ఎవరు అన్నారో అన్నట్టు.

"రాసినవా? ఒత్తులు తప్పు పోవద్దు."

రాశానంది స్రవంతి.

అప్పుడు చెప్పింది. "ఎలక్షన్ల బందోబస్తు. పొద్దుగాల వచ్చిండ్రు, జీపు తియ్యమన్నరు. కిరాయి ఉన్నది సార్, పెండ్లోళ్లు బయాన ఇచ్చిండ్రు అన్నడు. పెండ్లి రేపు చేసుకొమ్మను అన్నరు. అంబలి తాగుతుండె. గిన్నె గట్లనే పెట్టి, వచ్చి తాగుత అన్నడు. మూత పెట్టిన."

స్రవంతి పెన్ను కింద పెట్టింది. మంచి పని చేసింది.

"బీమా ఆఫీసుకు పోయిన. ప్రమాదమా, కావాలని చేసిందా అని అడిగిండు ఆ సారు. కావాలనే పేల్చిండ్రు సార్ అన్న. అయితె ప్రమాదం కాదమ్మా, రెండో అంతు రాదు అన్నడు. పోలీసోళ్లను కావాలని పేల్చిండ్రు సార్, ఈయన్ను కావాలని కాదు అన్న. ఈయన వరకైతె ప్రమాదమే కద? నవ్విండు. మంచి మాటే అన్నవమ్మా, కని కాగితంల గట్ల లేదు అన్నడు."

వాన మొదలైంది. ఆఖరి బస్సు వదిలేశాం.

ఆగస్టు 15, శుక్రవారం. ఘనపూర్

పొద్దున జెండా వందనం మైకు. పోలీసు స్టేషను ముందున్న స్మారక రాయికి దండ వేసి పేర్లు చదివారు. మందుపాతరలో పోయిన పోలీసుల పేర్లు, ఒక్కొక్కటీ నింపాదిగా. అంతా పేదింటి పిల్లలే, ఇంటి పేర్లు వింటే తెలుస్తుంది.

సమ్మక్క కొట్టు ముందు ఊడుస్తూ ఆగింది. "ఏటా సదువుతరు. జీపుల కూసున్నోళ్లందరి పేర్లు సదువుతరు. జీపు దానంతట అదే నడిచిందంటవా వదినె?"

ఊరవతల ఎర్ర స్తూపం మీద అన్నల మనుషుల పేర్లున్నాయట. సగం కూల్చినా పేర్లు మిగిలాయట. పేలుడు తర్వాత వాళ్లూ గోడకు కాగితం అంటించారట, డ్రైవర్ మరణానికి విచారిస్తున్నామని. "డ్రైవర్ అనే రాసిండ్రు. పేపరోడు సుత 'జీపు డ్రైవర్ సహా' అనే రాసిండు. సహా అట! ఈ పిల్ల పుస్తకంలనన్న పేరుంటది."

స్రవంతి అప్పుడు పక్కింట్లో చార్జింగు కోసం తిరుగుతున్నది. వినలేదు.

ఆగస్టు 17, ఆదివారం

స్రవంతిని అడిగాను: ఇక్కడ జరిగినదాన్ని సర్కారు ఏమంటుంది? శాంతిభద్రతల సమస్య అంటుందట. యుద్ధమని ఒప్పుకోదట. కంపెనీ ఏమంటుంది? యుద్ధంలాంటిదే, కాబట్టి ఇవ్వం అంటుందట.

రిస్కు అంటే లెక్కకు అందేది, అనిశ్చితి అంటే లెక్కకు అందనిది — ఏటా బ్లాక్‌బోర్డు మీద రెండు గళ్లు గీసి చెప్పేదాన్ని. పిల్లలు రాసుకునేవారు. వీరస్వామిని ఏ గడిలో వెయ్యాలో ఇప్పటికీ తెలియదు. మార్కులు మాత్రం వేశాను అందరికీ.

ఆగస్టు 23, శనివారం

చాప్టర్ పూర్తయిందని చదవమని ఇచ్చింది. ఇంగ్లీషు బాగుంది, నాకన్నా బాగుంది. పొగుడుదామని కళ్లజోడు తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టాను. అప్పుడు కనపడింది. తెలుగు చేసి ఇక్కడ దిగరాస్తున్నాను:

"ఆర్-14 (స్త్రీ, వితంతువు, చిరు వ్యాపారి) భర్త భద్రతా సిబ్బందిని తీసుకెళ్తున్న వాహనానికి చోదకుడు."

ఆర్-14 ఎవరు అని అడిగాను. తెలిసే.

"ఘనపూర్ అమ్మమ్మ. పేర్లు పెట్టరు అమ్మమ్మా, రూలు. ఎథిక్స్ కమిటీ ఉంటది. వాళ్లకు ఏ ఇబ్బందీ రావద్దని." సంబరంగా చెప్పింది. మేలు చేస్తున్నవాళ్ల మొహం ఎట్లుంటుందో నాకు తెలుసు. మా ఆయనకు ఉండేది.

ఊరి పేరు కూడా తీసేసింది. "గ్రామం-ఎఫ్".

ఆగస్టు 24, ఆదివారం

మాటా మాటా పెరిగింది. ఆమె జీవితంలో మొదటిసారి మొగుడి పేరు పలికిందే, నీ మిషను కోసం — అన్నాను. "రికార్డింగ్‌ల ఉన్నది కదా అమ్మమ్మా." ఉండి? "అయిదేండ్లయినంక డిలీట్ చెయ్యాలె. అది సుత రూలే."

నేను లేచి వంటింట్లోకి వచ్చాను. వంకాయలు తరిగాను. కూర ఎవరూ తినలేదు.

ఆగస్టు 26, మంగళవారం

సమ్మక్క ఫోను. ఎన్నడూ చెయ్యని మనిషి. "పుస్తకం అచ్చయిందా వదినె? ఒకటి నాకు పంపమను. కొట్ల అద్దం పక్కన పెడ్త."

ఇంకా కాలేదన్నాను. అబద్ధం కాదు.

ఆగస్టు 27, బుధవారం

వినాయక చవితి. మహానగరాల్లో పెద్ద మండపాలకు టెర్రరిజం బీమా కూడా తీసుకుంటారట, స్రవంతి చెప్పింది. విఘ్నాలు తొలగించేవాడికే పాలసీ. ఇంక మనమెంత.

స్రవంతి సాయంత్రం తనే ఘనపూర్‌కు ఫోను చేసి సంగతి చెప్పేసింది. నేను చెప్పమనలేదు. ధైర్యం ఉంది పిల్లకు. సమ్మక్క విని ఫోను పెట్టేసిందట.

ఆగస్టు 30, శనివారం

సమ్మక్క వచ్చింది. జనగామకు, ఈ ఇంటికి. చేతిసంచి, తడిసిన చీర అంచు, ముందు చెప్పకుండా. చెప్పులు వాకిట్లోనే విడిచి, ఈసారి లోపలికి వచ్చి, మా ఆయన ఫోటో కింద కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏదే పిల్లా, నా నంబరెంత?"

స్రవంతి తల దించుకుంది. "పధ్నాలుగు."

"బస్సు నంబరా?"

స్రవంతి నచ్చజెప్పబోయింది. మీ మంచి కోసమే అమ్మమ్మా, రేపు ఎవరన్నా చదివి ఇబ్బంది పెడితే...

సమ్మక్క చెయ్యి ఎత్తింది. "ఆగు." తర్వాత నా వైపు తిరిగింది. "వదినె, నేను మా అన్నతోని ఎందుకు మాట్లాడలేదో నీకెర్కనా?"

రెండో అంతు అన్నాను. అంటూనే ఆ మాట నాకే ఇరుకుగా తోచింది.

నవ్వింది. "పైసలకు అన్నను ఇడుస్తనా? నేను కిరాణం కొట్టుదాన్ని, ఉద్దెర మరిచినోళ్లతోనే మాట్లాడ్త. అది కాదు. పేపరాయన వచ్చిండు మూడొద్దులైనంక. పేరు చెప్పు, ఫోటో ఇయ్యి అన్నడు. పెండ్లి ఫోటో పెట్టెల నుంచి తీసి ఇచ్చిన. మా అన్న ఉరికొచ్చి గుంజుకున్నడు. పేరెయ్యకుండ్రి, ఫోటో ఎయ్యకుండ్రి, రేపు అటోళ్లు వస్తరు, ఇటోళ్లు వస్తరు, ఒంటి ఆడిది అన్నడు. నా మంచికే అన్నడు." ఫోటో వైపు చూసింది. "ఇప్పుడు గీ పిల్ల సుత నా మంచికే అంటాంది. ఎవలకు వాళ్లు నా మంచి జేసుకుంటనే మా ఆయన పేరు తుడుస్తుండ్రు."

మా ఆయన ఆ సంగతి నాతో ఎన్నడూ అనలేదు. అన్నీ చెప్పే మనిషి — వీధిలో కుక్క ఈనినా చెప్పేవాడు — అది చెప్పలేదు. రాఖీ రోజున చొక్కా వేసుకుని కూర్చునేవాడు.

అప్పటి భయం ఒట్టిది కాదు. ఆ రోజుల్లో పేరు బయటపడితే రెండు వైపుల నుంచీ తలుపు కొట్టేవారు, ఆయన లెక్క తప్పు కాదు. సమ్మక్కతో ఆ మాట అన్నాను కూడా. "తప్పని నేనన్ననా? తప్పు కాదు. కని పేరు పోయింది కద?"

అన్నం పెడతానన్నాను. ఫోటో వైపు, నా వైపు చూసింది. "పప్పు చేసినవా?" చేశాను. "అయితె వద్దు."

గుమ్మం దగ్గర స్రవంతికి చెప్పింది, నింపాదిగానే — "పేరుంటె ఉంచు బిడ్డా. లేకుంటె నా మాటలన్ని నాకు వాపసియ్యి. మిషన్‌ల నుంచి సుత."

సెప్టెంబరు 1, సోమవారం

సమ్మక్క మాటలు వాపసు ఇస్తే స్రవంతి చాప్టర్‌లో ఏం మిగులుతుందో చూశాను. టిప్పరాయన, మూగోళ్లు, ఒక పట్టిక. మిగతాదంతా ఆమె గొంతే. అంబలి గిన్నె లేకపోతే అది రీసెర్చి కాదు, పాలసీ కాగితం వెనక వైపు.

సెప్టెంబరు 4, గురువారం

గైడుతో ఫోను, స్పీకరు పెట్టి. మర్యాదస్తుడు, గొంతులో తేనె. "ఆ పెద్దావిడను కొంచెం కన్విన్స్ చేయండమ్మా. మీరూ లెక్చరరే కదా, మీకు తెలుసు."

తెలుసు. నాకు తెలిసినవాటిలో సగం తెలియకపోతే బాగుండేది.

పేరు పెడితే? కమిటీకి మళ్లీ రాయాలట, వాళ్లు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. ఫెలోషిప్పు గడువు దాటుతుందట. "ఆమె భద్రత కూడా చూడాలి కదా."

టీవీ పెట్టాను. అడవి నుంచి వచ్చి తుపాకులు దించినవాళ్లకు శాలువాలు కప్పుతున్నారు, చెక్కులు ఇస్తున్నారు, ఒక్కొక్కరినీ పేరుతో పిలిచి. మంచిదే, ఇళ్లకు చేరుతున్నారు. పేర్లతో సహా చేరుతున్నారు.

సెప్టెంబరు 8, సోమవారం

కృతజ్ఞతల పేజీలో పేరు వెయ్యరాదూ అన్నాను. ఎకనామిక్స్ బుర్ర, దొడ్డిదారి వెతుకుతుంది.

"లోపల నంబరు, ముందు పేజీల పేరా? చదివినోళ్లు కలుపుకోరా అమ్మమ్మా?" నిజమే. పైగా సమ్మక్కకు తెలిస్తే చీపురు తిరగేస్తుంది. మొగుణ్ని పోగొట్టుకున్నందుకు థాంక్సా అంటుంది.

సెప్టెంబరు 12, శుక్రవారం

స్రవంతి తినడం లేదు. చాప్టర్ తెరుస్తుంది, మూస్తుంది. ఇవాళ పక్కన కూర్చుని మెల్లగా అడిగింది: "తాతయ్య పేరు నువ్వు ఎప్పుడన్నా పలికినవా?"

ఒకసారి, దవాఖానాలో, నర్సు అడిగితే — పక్కన ఎవరూ లేరు. కాగితం మీద రాసి చూపించాను.

"పలకలేదన్నట్టు."

పలకలేదు.

సెప్టెంబరు 18, గురువారం

స్రవంతి తేల్చుకుంది. రెండు కాగితాలు తయారుచేసింది, ఈసారి తెలుగులో, నాతో దిద్దించి. ఒకదాంట్లో — నా మాటలు వాపసు తీసుకుంటున్నాను. రెండోదాంట్లో — నా పేరు, నా భర్త పేరు, నా ఊరి పేరు దాచవద్దు. దానివల్ల వచ్చే మంచిచెడ్డలు నాకు తెలుసు. రెండోది పెడితే కమిటీ ఏమంటుందో తెలియదు, ఏడాది పోయినా పోతుంది. మొదటిది పెడితే చాప్టరే పోతుంది. ఏది పెట్టినా దీనికి నష్టమే.

దీనికి బీమా ఏదన్నా ఉందా అన్నాను. నవ్విందిలే, నెలలో మొదటిసారి.

"నువ్వు రావొద్దు అమ్మమ్మా. నువ్వుంటే ఆమె నీతోనే మాట్లాడుతది."

సెప్టెంబరు 20, శనివారం

మధ్యాహ్నం బస్సెక్కించాను. కిటికీ కింద నిలబడి ఏ ఘనపూర్ అని అరిచాను. "నడిచిపోయేది కాదు!" అని అరిచింది.

రేపు పెత్రమాస, పెద్దల అమావాస్య. ఘనపూర్‌లోనూ పోయినవాళ్ల పేరు చెప్పి బియ్యం ఇస్తారు. అన్నీ తెలిసే ఈ రోజు ఎంచుకుందో, కాకతాళీయమో. నా మనవరాలే కదా, తెలిసే అయ్యుంటుంది.

సెప్టెంబరు 21, ఆదివారం. పెత్రమాస

పొద్దున గుడికి పోయి బియ్యం, పప్పు, గుమ్మడికాయ ముక్క, చింతపండు ఇచ్చి వచ్చాను. అయ్యగారు చేటలోకి చూస్తూ అడిగాడు, "ఎవరి పేరు మీద తల్లీ?" పక్కింటి కోడలు చెప్పింది, ఎప్పటిలాగే. నేను కొంగు పట్టుకుని నిలుచున్నాను. పెదవుల దాకా వచ్చింది. వచ్చి ఆగింది.

ఇంటికొచ్చి పూలు విడదీస్తున్నాను, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. తంగేడు దొరకలేదు, గునుగు పూలే. అప్పుడు ఫోను.

స్రవంతి గొంతు బొంగురుగా. "అయ్యగారు పేరడిగితె ఘనపూర్ అమ్మమ్మ నన్ను పొడిచింది. చెప్పు, రాసుకున్నవ్ కద అన్నది. చెప్పిన. గింత మెల్లగనా, రోడ్డు మీదికి ఇనరావాలె అన్నది. గట్టిగ చెప్పిన అమ్మమ్మా. గుడి ముందరున్నోళ్లంత తిరిగి చూసిండ్రు. ఒక ముసలాయన లేచి వచ్చిండు... జీపు వీరస్వామా, అని అడిగిండు."

ఆమె ఏమన్నది?

"ఏమనలే. ఆయనకు బీడీకట్ట ఇచ్చింది. పైసలు తీసుకోలే."

మరి కాగితాలు?

"రెండూ బియ్యం కొలిచే తవ్వ కింద పెట్టింది. ఏది అని అడిగితె అన్నం తినుపో అంటాంది."

వెనక నుంచి సమ్మక్క కేక, నాకే వినపడేటట్టు. "మా అన్న పేరు ఎవలు చెప్పిండ్రో అడుగు మీ అమ్మమ్మను!"

పక్కింటి కోడలు అని చెప్పాను.

అటు కొట్లో ఎవరో ఉప్పు ప్యాకెట్ అడుగుతున్న చప్పుడు. తవ్వ కింద ఏమున్నదో చూడవే, సంతకం ఉందేమో చూడు అని స్రవంతితో అనబోతుంటే కట్టయింది.

మళ్లీ చేశాను. ఎత్తడం లేదు.